బ్యాట్ కంటే పొట్టి కారు: గేటు కింద నుంచి దూరిపోయిన స్ట్రాటోస్ జీరో కథ

ఎచ్చెర్ల నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీరొక చిన్న పని చేయాలి. ఇంట్లో క్రికెట్ బ్యాట్ ఉంటే తెచ్చి నేల మీద నిటారుగా నిలబెట్టండి. పెద్దవాళ్లు ఆడే మామూలు బ్యాట్ అయితే సుమారు 85 సెంటీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు దాని పక్కనే ఒక కారు ఆగి ఉందని ఊహించుకోండి. ఆ కారు టాప్ మీ బ్యాట్ పిడి కంటే కిందే ఉంది. ఎత్తు 84 సెంటీమీటర్లు. అంతే!

బొమ్మ కారు కాదండోయ్. ఇంజిన్ ఉంది, ఇద్దరు కూర్చోవచ్చు, రోడ్డు మీద నడిచింది కూడా. మన నేషనల్ హైవే 16 మీద వెళ్లే లారీ టైరు ఉంటుంది చూశారా, అది దాదాపు మీటరు ఎత్తు. అంటే ఈ కారు లారీ టైరు కంటే కూడా పొట్టి. దీని పేరు లాన్సియా స్ట్రాటోస్ జీరో. ఇటలీలో ట్యూరిన్ అనే ఊళ్లో 1970లో పుట్టింది.

యాభై ఏళ్ల కిందటి ఇటలీ కారు గురించి ఇప్పుడెందుకు అంటే, దానికో కారణం ఉంది. మొన్న మా జూనియర్ కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. నలుగురు ఫ్రెండ్స్ కలిసి ప్రాజెక్ట్ కోసం ఒక బండి తయారు చేశారు. నేలకి బాగా దగ్గరగా, ఒక్కడే పడుకున్నట్టు కూర్చుని నడిపే బండి. వెల్డింగ్ షాపులో పాత పైపులు అడిగి తెచ్చుకుని, సెలవుల్లో ఊరికి కూడా వెళ్లకుండా కట్టారు. వైవా రోజు ఒక సార్ వచ్చి, బండి చుట్టూ ఒక్క రౌండ్ తిరిగి, ఒకే ఒక్క ప్రశ్న అడిగారట. "ఇది దేనికి పనికొస్తాదిరా?" కాలేజీ పేరు వద్దు, సార్ పేరు వద్దు. మావాడు మాత్రం, "అన్నా, ఏటి సెప్పాలో తెలీక నిలబడిపోయాను" అన్నాడు.

ఆ ప్రశ్న తప్పు అని నేను అనను. కానీ సరిగ్గా అదే ప్రశ్న 1970లో ఈ కారు చుట్టూ కూడా తిరిగింది. దానికి సమాధానం ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది అన్నదే ఇవాళ్టి కథ.

ముందు ట్యూరిన్ గురించి రెండు ముక్కలు. మన విజయవాడ ఆటోనగర్ తెలుసు కదా? కంపెనీ నుంచి లారీ ఛాసిస్ వస్తుంది. దాని మీద బాడీ కట్టేది మాత్రం అక్కడి షెడ్లలో. పాతకాలపు ట్యూరిన్‌లో కార్ల పని కూడా అచ్చం అలాగే నడిచింది. ఫియట్, లాన్సియా లాంటి కంపెనీలు యంత్రం ఇచ్చేవి. అందమైన బాడీ గీసి, రేకు మలిచి, కారుకి ఒక రూపం ఇచ్చే సంస్థలు వేరేగా ఉండేవి. వాటిలో రెండు పెద్ద పేర్లు పినిన్‌ఫరీనా, బెర్టోనే. రెండూ ఒకే ఊళ్లో. రెండింటికీ మధ్య పోటీ ఎలా ఉండేదంటే, మన దగ్గర ఇద్దరు స్టార్ హీరోల సినిమాలు సంక్రాంతికి ఒకే రోజు రిలీజ్ అయినట్టు.

బెర్టోనే కంపెనీ యజమాని పేరు నూచో బెర్టోనే. ఆయన దగ్గర 1965లో ఒక కుర్రాడు డిజైనర్‌గా చేరాడు. పేరు మార్చెల్లో గాందీనీ. పేరు వినగానే మీకు ఎవరు గుర్తొచ్చారో నాకు తెలుసు. ఏ సంబంధమూ లేదు! గాందీనీ 1938లో ట్యూరిన్‌లోనే పుట్టాడు. నాన్న ఆర్కెస్ట్రా కండక్టర్. కొడుకు బాగా చదువుకోవాలని ఇంట్లోవాళ్ల ఆశ. లాటిన్ చదువు కోసం పుస్తకం కొనుక్కోమని డబ్బులిస్తే, ఈయన వెళ్లి ఇంజిన్ల మీద పుస్తకం కొనుక్కొచ్చాడట. అది రాసింది దాంతే జాకోజా, ఫియట్ కంపెనీలో పేరున్న ఇంజినీరు. అక్కడితో ఇంట్లో చదువు గొడవ, బయట కార్ల పిచ్చి మొదలయ్యాయి. యూనివర్సిటీ మెట్లు ఎక్కలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

1966లో లాంబోర్గినీ మియురా వచ్చింది. దాని బాడీ బెర్టోనే వాళ్లది, గీసింది గాందీనీ. ఈ రోజుకీ ప్రపంచంలో అందమైన కార్ల లిస్టు ఎవరు వేసినా అందులో అది ఉంటుంది. కానీ దానికి ఒక రోగం ఉంది. బాగా స్పీడ్‌గా వెళ్తున్నప్పుడు కారు ముందు భాగం తేలిపోయేది.

ఎందుకు తేలుతుంది? ఇది మన శ్రీకాకుళం జిల్లావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రేకులు ఎలా లేచిపోయాయో చూశాం కదా. గాలి రేకు మీద నుంచి వేగంగా పోతే పైన ఒత్తిడి తగ్గుతుంది. కింద నుంచి గాలి దూరితే అది పైకి తోస్తుంది. రేకు లేస్తుంది. గుండ్రటి ముక్కు ఉన్న కారు కూడా వేగంలో అంతే. ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది, స్టీరింగ్ తేలికైపోతుంది. గంటకి 250 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ తేలికైతే పరిస్థితి ఏంటో మీరే ఆలోచించండి.

గాందీనీ వెతికిన మందు ఏంటంటే, కారుని గుండ్రంగా కాకుండా మేకులా చేయడం. మంచం కోడు ఊగుతుంటే కింద దూర్చే చెక్క ముక్క ఉంటుంది చూశారా, ఒక పక్క పలచగా, ఇంకో పక్క మందంగా? ఆ ఆకారం. ముందు పలచగా, నేలకి ఆనుకున్నట్టు ఉంటే కిందకి దూరే గాలి తగ్గుతుంది, పైన పోయే గాలి కారుని కిందకి నొక్కుతుంది. ఈ ఆలోచనతో 1968లో పారిస్ షోకి ఆల్ఫా రోమియో కరాబో అనే కారు చేశాడు. ఎత్తు 99 సెంటీమీటర్లు. తలుపులు పక్కకి కాకుండా కత్తెరలా పైకి లేస్తాయి. లాంబోర్గినీ అనగానే మనకి గుర్తొచ్చే ఆ తలుపులు మొదట వచ్చింది ఈ ఆల్ఫా రోమియో మీదే.

ఇప్పుడు 1970కి వద్దాం. అదే అసలు సంవత్సరం.

మార్చిలో జెనీవా షో. పినిన్‌ఫరీనా వాళ్లు ఫెరారీ మాడ్యులో అనే కారు తెచ్చారు. గీసింది పావోలో మార్టిన్. ఎత్తు 93 సెంటీమీటర్ల పైచిలుకు. రేసు కారు ఛాసిస్ మీద ఎగిరే పళ్లెంలాంటి బాడీ. తలుపులు అసలు లేవు, పైకప్పు మొత్తం ముందుకి జరుగుతుంది. జనం నోళ్లు వెళ్లబెట్టారు. పోటీ కంపెనీ ఇంత చేస్తే బెర్టోనే ఊరుకుంటాడా?

అప్పటికి నూచో బెర్టోనే మనసులో ఇంకో లెక్క కూడా ఉంది. లాన్సియా కంపెనీ పని ఎక్కువగా పినిన్‌ఫరీనాకే వెళ్లేది. లాన్సియా తలుపు ఎలాగైనా తట్టాలి. ఎలా? అడిగితే ఇవ్వరు. అందుకని వాళ్లకి చెప్పకుండానే వాళ్ల పేరు మీద ఒక కారు తయారు చేశాడు! లాన్సియా ఫుల్వియా అనే పాత కారు ఒకటి సంపాదించి, అందులోని ఇంజిన్ వాడేశారు. 1.6 లీటర్ల వీ4 ఇంజిన్, 115 హార్స్‌పవర్. ఈ రోజు మన రోడ్ల మీద తిరిగే 1.5 పెట్రోల్ క్రెటాది కూడా సుమారు అంతే పవర్. అంటే ఇంజిన్‌లో వింతేమీ లేదు. వింతంతా ఆకారంలోనే.

1970లోనే ట్యూరిన్ షోలో ఆ కారు బయటికి వచ్చింది. పొడవు దాదాపు మన ఆల్టో అంతే, సుమారు మూడున్నర మీటర్లు. ఎత్తు ముందే చెప్పాను, 84. మాడ్యులో కంటే తొమ్మిది సెంటీమీటర్లకు పైగా తక్కువ. వర్క్‌షాప్‌లో దీన్ని స్ట్రాటోలిమిటే అని సరదాగా పిలుచుకునేవాళ్లట. స్ట్రాటోస్ఫియర్ అంచు అనే అర్థంలో.

దీనికి తలుపులు ఎక్కడున్నాయో చెప్పండి? పక్కన లేవు. పైన లేవు. ముందు అద్దమే తలుపు! స్టీరింగ్‌ని ముందుకి వంచితే అద్దం పైకి లేస్తుంది. ముక్కు మీద నల్లటి రబ్బరు మ్యాట్ ఉంటుంది. దాని మీద కాలు పెట్టి ఎక్కి, లోపలికి దిగి, పడుకున్నట్టు కూర్చోవాలి. ఆ తర్వాత స్టీరింగ్ దగ్గరికి లాక్కుంటే అద్దం మూసుకుంటుంది. హెడ్‌లైట్లు ముక్కు అంచున సన్నటి గీతలా ఒకే వరుసలో ఉంటాయి. వెనక లైట్లు కూడా చిన్న చిన్న బల్బుల వరుసే. ఇంజిన్ మీద మూత త్రిభుజాకారపు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. మొత్తం కారు చూస్తే ఎవరో రాగి ముద్దని ఒకే వేటుకి ఏటవాలుగా నరికినట్టుంటుంది.

ఇప్పుడు ఆ సార్ అడిగిన ప్రశ్న మనమే అడుగుదాం. ఇది దేనికి పనికొస్తుంది?

నిజం చెప్పాలంటే, దేనికీ పనికిరాదు. వెనక నుంచి ఏం వస్తుందో సరిగా కనబడదు. ఎండలో ఆ అద్దం కింద కూర్చుంటే ఉడికిపోతాం. మన ఎచ్చెర్ల స్పీడ్ బ్రేకర్ ఒక్కటి దాటలేదు. సామాను పెట్టుకునే చోటు లేనట్టే. వర్షం పడుతుంటే ఎక్కాలంటే ముందు అద్దం తెరవాలి, అంటే సీటు తడిసిపోవాలి. ఈ కారుని అమ్మాలని ఎవరూ అనుకోలేదు. షోలో నిలబెట్టారు, జనం చూశారు, ఫొటోలు తీశారు.

అక్కడితో అయిపోయి ఉంటే ఈ కారు ఒక మ్యూజియం బొమ్మ. కానీ తర్వాత జరిగింది చూడండి.

కారు గొడవ లాన్సియా పెద్దల చెవిన పడింది. మా పేరు మీద, మాకు చెప్పకుండా చేసిన ఆ కారేంటో ఒకసారి తీసుకురండి అని కబురు పెట్టారు. అప్పుడు లాన్సియా పరిస్థితి బాగాలేదు. నష్టాల్లో ఉంటే 1969లో ఫియట్ కొనేసింది. ర్యాలీలు గెలుస్తున్న ఫుల్వియా పాతబడిపోయింది. దాని బదులు ఏం దింపాలో తెలియట్లేదు. ర్యాలీ టీమ్ చూసుకునే చెజారే ఫియోరియో కొత్త కారు కోసం వెతుకుతున్నాడు.

నూచో బెర్టోనే ఏం చేశాడంటే, కారుని ట్రక్కులో వేసుకుని వెళ్లలేదు. తనే అద్దం ఎత్తుకుని లోపల దూరి, ట్యూరిన్ ట్రాఫిక్‌లో నడుపుకుంటూ లాన్సియా ఆఫీసుకి బయల్దేరాడు. గేటు దగ్గర అడ్డంగా కర్ర ఉంది, మన టోల్ గేటు దగ్గర ఉన్నట్టు. సెక్యూరిటీ వాళ్లు కర్ర ఎత్తేదాకా ఆయన ఆగలేదు. ఆగాల్సిన పనేముంది? కర్ర కింద నుంచే కారు సర్రున లోపలికి వెళ్లిపోయింది! చూస్తున్న లాన్సియా ఉద్యోగులు చప్పట్లు కొట్టారని బెర్టోనే వైపు వాళ్లు ఎప్పటికీ గర్వంగా చెప్పుకునేవాళ్లు.

గేటు దాటడం సరదా కథ. లోపల జరిగింది మాత్రం చరిత్ర. లాన్సియా, బెర్టోనే కలిసి ఒక కారు తయారు చేయాలని మాట అనుకున్నారు. అప్పటిదాకా ర్యాలీ అంటే ఎలా ఉండేదంటే, షోరూములో అమ్మే కారునే తీసుకుని, ఇంజిన్ పెంచి, సస్పెన్షన్ గట్టిచేసి పంపేవాళ్లు. వాళ్ల ప్రశ్న, మన దగ్గరున్న కార్లలో ఏది పంపుదాం అని. జీరో చూశాక ప్రశ్న మారిపోయింది. అసలు ర్యాలీకి ఎలాంటి కారు కావాలి? దాన్నే మొదటి నుంచి తయారు చేస్తే?

అలా పుట్టిందే లాన్సియా స్ట్రాటోస్ హెచ్ఎఫ్. అదీ గాందీనీ గీసిందే. జీరో నుంచి అందులోకి ఏం వచ్చింది? అద్దం తలుపు రాలేదు, 84 సెంటీమీటర్ల ఎత్తూ రాలేదు. మేకు ఆకారం వచ్చింది. డ్రైవర్ వెనక ఇంజిన్ వచ్చింది. హెల్మెట్ ముందు అద్దంలా వంగిన విండ్‌స్క్రీన్ పెట్టారు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం బాగా తక్కువగా పెట్టారు. దానివల్ల కొండ మలుపుల్లో కారు బొంగరంలా తిరుగుతుంది. ఇంజిన్ మాత్రం ఫెరారీ డినోది, 2.4 లీటర్ల వీ6.

అయితే సినిమాలోలాగా మొదటి రోజే గెలవలేదు. 1972లో కోర్సికా ర్యాలీలో మొదటిసారి దింపారు. మధ్యలోనే ఆగిపోయింది. వెనక సస్పెన్షన్‌తో తంటాలు పడ్డారు. ర్యాలీ రూల్ ప్రకారం వందల సంఖ్యలో కార్లు తయారు చేసి చూపించాలి, దానికి టైమ్ పట్టింది. 1974లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత ఆపేవాడే లేడు. 1974, 1975, 1976. వరుసగా మూడేళ్లు వరల్డ్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ లాన్సియాదే. సాంద్రో మునారి అనే డ్రైవర్ స్ట్రాటోస్‌తో మాంటే కార్లో ర్యాలీని 1975, 76, 77లో వరసపెట్టి గెలిచాడు. మంచు, మలుపులు, రాత్రి డ్రైవింగ్ అన్నీ కలిసి ఉండే ర్యాలీ అది.

చూశారా? 1970లో అడిగిన "దేనికి పనికొస్తుంది" అనే ప్రశ్నకి సమాధానం 1974లో వచ్చింది. అది కూడా ఆ కారు ఇవ్వలేదు. దాని తర్వాత పుట్టిన కారు ఇచ్చింది. నాలుగేళ్లు ఎవరో ఒకరు డబ్బు పెట్టారు, ఓపిక పట్టారు.

ఇందులో చేదు కూడా ఉంది, అది దాచిపెడితే నేను మీకు సగం కథే చెప్పినట్టు. ప్రయోగాలు చేసినంత మాత్రాన కంపెనీ బతుకుతుందని గ్యారంటీ ఏమీ లేదు. నూచో బెర్టోనే 1997లో పోయాడు. తర్వాత కంపెనీ కష్టాల్లో పడింది. 2011లో తమ సొంత మ్యూజియంలో ఉన్న కార్లని వేలానికి పెట్టాల్సి వచ్చింది. అందులో స్ట్రాటోస్ జీరో కూడా ఉంది. 7,61,600 యూరోలకి అమ్ముడుపోయింది. 2014లో కంపెనీ దివాలా తీసింది. గేటు కింద నుంచి దూరి వెళ్లిన కారుని ఆ ఇల్లే నిలబెట్టుకోలేకపోయింది.

ఇదంతా ఇటలీ గొడవ, మనకేంటి అంటారా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగింది గుర్తుందా? ఇండియాలో మొదటి ఫార్ములా ఈ రేస్ అదే. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మనలో చాలామంది రీల్స్‌లో చూశాం. ఆ ఎలక్ట్రిక్ కార్ల ముక్కు చూడండి. సన్నగా, కోసుగా, నేలకి ఆనుకుని. సెక్రటేరియట్ పక్కనుంచి దూసుకెళ్లిన ఆ ఆకారాల వెనక 1970 నాటి ట్యూరిన్ నీడ కొంచెం ఉంది.

ఇంకో ముడి కూడా ఉంది. బెర్టోనే పోటీదారు పినిన్‌ఫరీనా చెప్పాను కదా, ఇప్పుడు దాని యజమానులు మన మహీంద్రా వాళ్లు. 2015 డిసెంబర్‌లో ఒప్పందం జరిగింది. ఆ పేరు మీదే బాటిస్టా అనే 1,900 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ కారు తయారైంది. ఫార్ములా ఈ జరిగిన ఆ వారంలోనే దాన్ని హైదరాబాద్‌లో ప్రదర్శించారు. మాడ్యులో చేసిన ఇంటి పేరు హైదరాబాద్ దాకా నడిచొచ్చింది. డబ్బు మన దగ్గర్నుంచి వెళ్తోంది, గీత మాత్రం ఇంకా అక్కడి నుంచి వస్తోంది. ఇది తిట్టు కాదు, లెక్క. ఎచ్చెర్లలోనే చూడండి, అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది, ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది, ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. గీయగల చేతులు లేవా? ఉన్నాయి. గీసింది చూసి నాలుగేళ్లు ఆగే మనిషి కావాలి.

చివరగా గాందీనీ. గుర్తుపెట్టుకోమన్నాను కదా. స్ట్రాటోస్ తర్వాత లాంబోర్గినీ కౌంటాష్ ఆయనదే. కరాబో తలుపులు అందులోకి వచ్చాయి. సూపర్ కార్లే కాదు, సిత్రోయెన్ బీఎక్స్ లాంటి మామూలు కుటుంబాల కార్లు కూడా గీశాడు. రెనో మ్యాగ్నమ్ అని ఒక లారీ ఉంది, దాని కేబిన్ కూడా ఆయన గీసిందే. 84 సెంటీమీటర్ల కారు, ఆకాశమంత లారీ, రెండూ ఒకే చేతి గీతలు!

2024 జనవరి 12న ట్యూరిన్ పాలిటెక్నిక్ యూనివర్సిటీ ఆయన్ని పిలిచి మెకానికల్ ఇంజినీరింగ్‌లో గౌరవ డిగ్రీ ఇచ్చింది. లాటిన్ డబ్బుతో ఇంజిన్ల పుస్తకం కొన్న కుర్రాడికి 85 ఏళ్ల వయసులో ఇంజినీర్ పట్టా వచ్చింది. మార్చి 13న ఆయన కన్నుమూశాడు. మధ్యలో రెండు నెలల ఒక రోజు.

మా జూనియర్‌కి ఈ కథంతా ఫోన్‌లోనే చెప్పాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అన్నా, బండిని పాత ఇనుముకి ఇచ్చేద్దామనుకున్నాం. ఉంచుతాం లే." ఎక్కడ పెడతారు అంటే, ఫ్రెండ్ వాళ్ల పెదనాన్న పశువుల పాకలో చోటు ఇస్తానన్నారట. ఇంజిన్ సీటు వెనక పెట్టి చూడాలని ఇప్పుడు కొత్త ఆలోచన మొదలైంది. అది పరిగెడుతుందో లేదో నాకు తెలీదు. పరిగెట్టిన రోజు మాత్రం కెమెరా పట్టుకుని ముందు నేనే ఉంటాను.

మీ కాలేజీలో, మీ ఊళ్లో ఇలా పాకలోనో షెడ్డులోనో మూలన పడి ఉన్న ప్రయోగం ఏదైనా ఉంటే నాకు చెప్పండి. వచ్చి చూస్తాను. దేనికి పనికొస్తుందని మాత్రం అడగను. ఎలా చేశారో అడుగుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే!